మన పేరు మనమే రాసుకుందాం

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం విద్యార్థిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 జై ఆదివాసీ.

సంఘం పెద్దాయన ఫోన్ చేసి, "పాపా, నువ్వు కంప్యూటరు చదువుతుండావు గదా, మన పిల్లకాయలకు నాలుగు మాటలు చెప్పాల" అన్నారు. నాకు భయమేసింది. "నాకింకా ఉద్యోగం రాలేదు పెద్దనాయనా, ఉద్యోగం వచ్చినోళ్లతో చెప్పించండి" అన్నాను. ఆయన ఒకటే మాటన్నారు. "గట్టెక్కినోళ్లకు దోవలో ముళ్లు గుర్తుండవు. నువ్వు ఇంకా దోవలో ఉండావు, నువ్వే చెప్పు." అందుకని వచ్చాను. దోవలో ఉన్న మనిషి మాటలుగానే వినండి.

మాది పెన్నా సముద్రంలో కలిసే వైపు, బకింగ్‌హాం కాలువకు దగ్గర్లో ఉండే ఒక గిరిజన కాలనీ. నాయన కాలువలో, ఏట్లో పీతలు, చేపలు పడతాడు. అమ్మ కోతలప్పుడు కూలికి పోతుంది, మిగతా రోజుల్లో పీతలు అమ్మకానికి పట్టుకుపోతుంది. అన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా. మీలో సగం మంది ఇళ్లు కూడా ఇంతే కాబట్టి ఇంకా వివరం అక్కర్లేదు.

నేను చదివిన బడిలో కంప్యూటర్ల గది ఉండేది. తాళం కూడా ఉండేది. కిటికీలోంచి చూస్తే కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పి కనపడేవి. పాడైపోతాయని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. పదో తరగతి అయిపోయేదాకా నేను మౌసు చేత్తో పట్టుకోలేదు. నా మొదటి కంప్యూటరు మా అన్న ఫోను. కాపలా డబ్బులతో కొన్నది, ఒక మూల స్క్రీను పగిలింది. రాత్రిళ్లు అన్న డ్యూటీకి పోయేముందు ఒక గంట నాకిచ్చేవాడు.

ఇంటర్లో ఉన్నప్పుడు ఒక సీనియర్ అక్క చెప్పింది, ఆండ్రాయిడ్ ఫోనులోనే ప్రోగ్రాములు రాసుకోవచ్చని. టెర్మక్స్ అని ఒక యాప్ ఉంది. ఉచితం. అది వేసుకుంటే ఫోను ఒక చిన్న లినక్స్ కంప్యూటరు లాగా పనిచేస్తుంది. అందులో సీ కంపైలరు దించుకోవచ్చు, పైథాన్ దించుకోవచ్చు. ఒక్కసారి దించుకుంటే తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది. మా కాలనీలో సిగ్నలు రావాలంటే కట్ట మీదికి ఎక్కాలి కాబట్టి నాకు ఇదే పెద్ద వరం.

నేను రాసిన మొదటి పనికొచ్చే ప్రోగ్రాం మా అమ్మ పీతల లెక్క. ఎన్ని కిలోలు, కిలో ఎంత, ఏజెంటు దగ్గర తీసుకున్న అడ్వాన్సులో ఎంత పట్టుకున్నాడు, చేతికి ఎంత రావాలి. ఇంతే. గర్వంగా అమ్మకు చూపించాను. అమ్మ ఫోను వైపు చూడకుండానే నోటితో లెక్కేసి, "నీ ఫోను కూడా ఏజెంటు లాగే తక్కువ చెప్తుంది గదే" అంది.

తప్పెక్కడో ఆ రాత్రంతా దొరకలేదు. మా తాత పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయనకు కంప్యూటరు తెలియదు గానీ ఎలకల కలుగులు తెలుసు. వరి చేలల్లో ఎలకలు పట్టే కుండ మీ అందరి ఇళ్లల్లో ఉండే ఉంటుంది. అడుగున బెజ్జం పెట్టి, లోపల గడ్డి కూరి, కలుగు నోటికి బోర్లించి పొగ ఊదే కుండ. తాత అన్నాడు, "ముందు కలుగుకు ఎన్ని నోళ్లుండాయో చూసుకో. ఒక్కటి వదిలేసి అన్నీ మూసెయ్యి. అప్పుడు పొగబెట్టు. చూడకుండా పొగబెడితే ఎలక ఇంకో నోట్లోంచి పోద్ది."

నేను అదే చేశాను. అడ్వాన్సు తీసేసి చూశాను, ధర మార్చకుండా ఉంచి చూశాను, ఒక్కో నోరూ మూసుకుంటూ వచ్చాను. చివరికి దొరికింది. బరువుకు పూర్ణ సంఖ్య అని రాశాను. సీ భాషలో అలా రాస్తే రెండున్నర కిలోలు రెండు కిలోలే అవుతాయి, ఆ అర కిలో ఎవరికీ చెప్పకుండా ఎగిరిపోతుంది. అంటే తక్కెడ దగ్గర మోసం ఎట్టా జరుగుతుందో నా ప్రోగ్రాములోనూ అట్టాగే జరిగింది. తర్వాత కాలేజీలో 'డీబగ్గింగ్' అని పాఠం చెప్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మన తాతలు చేసే పనే అది.

ఇక ఓపెన్ సోర్స్ అంటే ఏందో చెప్తాను.

మా నాయన వల కొంటాడు. పీతలు కొరికి చినిగితే తనే కూర్చుని అల్లుకుంటాడు. ఎందుకు అల్లుకోగలడు? వల ముడి కంటికి కనపడుతుంది, ఆ ముడి వేయడం ఆయనకు తెలుసు, అల్లుకోవద్దని అనే వాడెవడూ లేడు. ఈ మూడూ ఉంటేనే వల మనది. కంప్యూటరు ప్రోగ్రాములు చాలావరకు ఇలా ఉండవు. ముడి కనపడదు, విప్పి చూడకూడదు, చినిగితే అమ్మినవాడి దగ్గరికే పోవాలి. ఏ ప్రోగ్రాము ముడి, అంటే సోర్సు కోడు, అందరికీ కనపడుతుందో, ఎవరైనా చదవొచ్చో, మార్చుకోవచ్చో, మార్చింది పదిమందికి పంచొచ్చో, అది ఓపెన్ సోర్స్. ఆ హక్కులు కాగితం మీద రాసి ఉంటాయి. దాన్ని లైసెన్సు అంటారు.

ఇదెలా మొదలైందో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. వాళ్ల ల్యాబులో ప్రింటరులో కాగితం ఇరుక్కుపోతుండేది. కోడు ఇస్తే సర్దుకుంటానన్నాడు, ఇవ్వలేదు. అలాంటి అనుభవాల నుంచే ఆయన 1983లో గ్నూ అనే ఉద్యమం మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండులో 21 ఏళ్ల కంప్యూటర్ సైన్స్ విద్యార్థి, లైనస్ టోర్వాల్డ్స్, సరదాగా రాసుకున్న లినక్స్‌ను అందరి ముందు పెట్టాడు. ఈరోజు మీ జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది ఆ లినక్సే. ఒక విద్యార్థి పెట్టిన మొలక అది. నీళ్లు పోసింది వేలమంది.

మూసిన ప్రోగ్రాముతో ఇబ్బందికి మన తెలుగు ఉదాహరణే ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో తెలుగు 'జ్ఞా' అక్షరం ఒక రూపంలో వస్తే చాలు, మెసేజీ యాప్ కుప్పకూలిపోయేది. మన భాష, మన అక్షరం. బాగుచేయగల తెలుగువాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కానీ కోడు కనపడదు కాబట్టి, కంపెనీ కొత్త వెర్షను పంపిందాకా అందరూ ఎదురుచూడాల్సిందే. వల చినిగింది, సూది మన చేతిలో ఉంది, ముట్టుకోకూడదు. అదీ తేడా.

నేను మొదటిసారి ముట్టుకున్నది చాలా చిన్న చినుగు. నేను వాడే ఒక ఓపెన్ సోర్స్ మ్యాపు యాప్‌లో తెలుగు పెట్టుకుని చూస్తే ఒకచోట 'బాగుంది' అని ఉంది. ఏం బాగుందో అర్థం కాలేదు. ఇంగ్లీషులో చూస్తే 'వెల్'. బావి అనాల్సిన చోట బాగుంది అని అనువాదం చేసేశారు. కోడు తెరిచే ఉంది. వెతికి పట్టుకుని 'బావి' అని మార్చి పంపాను. మూడు రోజులకు జవాబొచ్చింది, సరిచేసి మళ్లీ పంపమని. నేను తెలియకుండా ఇంకో వరస చెరిపేశాను. మళ్లీ పంపాను. ఇంకో సవరణ చెప్పారు. మూడోసారి తీసుకున్నారు.

ఆ రాత్రి నేను చూసిందేందంటే, ఆ మార్పు పక్కన తేదీ, సమయం, నా పేరు. 'బావి', రెండే అక్షరాలు. ప్రపంచంలో ఎవరు ఆ కోడు తెరిచినా ఆ రెండక్షరాలు ఎవరు రాశారో కనపడుతుంది. నా మార్పు చూసినాయన ఏ దేశమో నాకు తెలియదు. నా కులం, నా ర్యాంకు, మా నాయన ఏం పనిచేస్తాడు, ఏదీ అడగలేదు. వరస ఎందుకు చెరిపావు అని మాత్రం అడిగాడు. జీవితంలో నాకు అలాంటి ప్రశ్న పడటం అదే మొదలు. అది నా పని మీద ప్రశ్న, నా పుట్టుక మీద కాదు.

తర్వాత పైథాన్‌లో సొంతంగా ఒకటి రాశాను. దాని పేరు 'పోటు'. సముద్రానికి రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు అని మనందరికీ తెలుసు. చంద్రుణ్ని బట్టి ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది. పెద్దవాళ్లు తిథి చెప్తే చాలు, నీళ్లు ఎప్పుడు తిరుగుతాయో చెప్పేస్తారు. ఆ లెక్కనే ప్రోగ్రాముగా రాశాను. తేదీ ఇస్తే చంద్రుడి వయసు కట్టి, పోటు వేళ చెప్తుంది. అరవై వరసలు.

నాయనకు చూపించాను. రెండు రోజులు పోల్చి చూసి అన్నాడు. "నువ్వు చెప్పేది మొగలో సరిపోద్ది. మొగలో పోటెక్కినాక మన కాలువలోకి నీళ్లు రావాలంటే ఇంకా చాలాసేపు పట్టుద్ది. నీ ఫోను నమ్ముకుని పోతే వల ఎండలో ఆరబెట్టుకోవడమే." పుస్తకాల్లో చదివిన లెక్క సముద్రపు ఒడ్డు లెక్క. మేం ఉండేది లోపల. ఒక కర్రకు గీతలు పెట్టి, కాలవలో పాతి, పదకొండు రోజులు నాయన, నేను రాసుకున్నాం. మా దగ్గర గంటన్నర దాకా ఆలస్యం. ఆ తేడా పెట్టుకునే వీలు ప్రోగ్రాములో చేర్చాను. కాబట్టి నా ప్రోగ్రాముకు మొదటి బగ్ రిపోర్టు ఇచ్చింది మా నాయన. ప్రోగ్రాము వెంట ఉండే వివరణలో ఆ సంగతి రాశాను, ఆయన్ని అడిగి ఆయన పేరుతోనే. బడికి పోని మనిషి పేరు కోడులో ఉంది. ఇంకో తీరం నుంచి ఒకరు దాన్ని తీసుకుని తమ ఊరి తేడా పెట్టుకుని వాడుతున్నామని రాశారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. అది కాలువలో పీతల వేళకే. సముద్రంలోకి పోయేవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ అలలు, గాలి, సముద్రం హెచ్చరికలు ఇస్తుంది, అవే చూసుకోవాలి. ఈ మాట కూడా ప్రోగ్రాము మొదట్లోనే రాశాను. తనకు తెలిసిందేందో, తెలియనిదేందో చెప్పని ప్రోగ్రాము మనుషుల్ని ముంచుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. సోమశిల నుంచి వదిలిన నీళ్లతో పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. మా కాలనీ చుట్టూ నీళ్లు. మేం పిల్లల్ని, కోళ్లను, కుక్కల్ని వేసుకుని కట్ట మీద కూర్చున్నాం. అన్నం పొట్లాలు పంచేవాళ్ల బండి ఒకటి బయల్దేరిందని మా బంధువులు ఫోన్లో చెప్పారు. అది మా దాకా రాలేదు. బండిలోవాళ్లు ఫోన్లో మ్యాపు పెట్టుకుని వచ్చారు. మ్యాపులో ఊరుంది, పెద్ద వీధి ఉంది. మా కాలనీ ఉండాల్సిన చోట ఉత్త పచ్చరంగు. అక్కడ మనుషులు లేరనుకుని తిరిగి పోయారు. వాళ్ల తప్పు కాదు. మ్యాపు ప్రకారం మేం లేం.

2011 జనాభా లెక్కల్లో మన యానాదులం 5 లక్షలకు పైగా ఉన్నాం. లెక్కల్లో ఉన్నాం, ఓటరు జాబితాలో ఉన్నాం, బండి రావాల్సిన మ్యాపులో లేం.

ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అని ఒకటుంది. 2004లో బ్రిటన్‌లో మొదలైంది. ప్రపంచపు మ్యాపును ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. 2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు, ఎక్కడెక్కడి దేశాల్లోనో కూర్చున్న మామూలు మనుషులు ఉపగ్రహ చిత్రాలు చూసి, కొద్ది రోజుల్లోనే రాజధాని వీధులన్నీ గీశారు. సహాయానికి పోయినవాళ్లు ఆ మ్యాపునే వాడుకున్నారు. అది చదివినప్పుడు అనుకున్నాను, హైతీకి చేశారు, మా కాలనీకి నేను చేయలేనా అని.

సెలవుల్లో నలుగురు పిల్లకాయల్ని వెంటేసుకుని మొదలుపెట్టాను. బోరింగు ఎక్కడ, అంగన్‌వాడీ ఎక్కడ, వానొస్తే ఏ దోవ మునుగుతుంది, ఏ దోవ మునగదు, తుఫాను షెల్టరుకు ఎటు పోవాలి. మూడో రోజు సాయంత్రం మా కాలనీలో అందరికంటే పెద్దది, నాకు అవ్వ వరస, నన్ను పిలిచింది. "ఏం రాసుకుంటుండావు పాపా?" చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "మనం ఉండేది పోరంబోకు. ఇల్లిల్లూ రాసిపెడితే, రేపు ఖాళీ చేయమని వచ్చేవాడికి కూడా నీ కాగితమే దోవ చూపిద్ది గదా?"

నా దగ్గర జవాబు లేదు. "అవ్వా, ఆకాశంలోంచి తీసిన ఫోటోలో మన కప్పులు ఎట్టాగూ కనపడతాయి" అన్నాను. దానికామె, "కనపడటం వేరు, పేరు పెట్టి రాయడం వేరు" అంది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తెలియాలి. తెల్లదొరల ప్రభుత్వం 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. 1911 నుంచి అది మన మద్రాసు రాజధానికీ వచ్చింది. మన వాళ్లలో కొన్ని గుంపుల్ని కూడా ఆ జాబితాలో ఎక్కించారు. పేర్లు రిజిస్టరులో రాసుకోవడం, వేలిముద్రలు తీసుకోవడం, హాజరు వేయించుకోవడం. పుట్టుకే నేరం. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. మా అవ్వ వాళ్ల నాయన హాజరు ఇచ్చి వచ్చిన మనిషి. కాబట్టి ఎవరైనా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వస్తే ఆమెకు గుర్తొచ్చేది సహాయం కాదు.

మన నెల్లూరు సీమలో వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల సంఘం పెట్టి, ఆ చట్టం మీద పోరాడారు, మన గురించి ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. ఆయన రుణం మనం తీర్చుకోలేం. కానీ ఒకటి గమనించండి. మన గురించి చెడ్డగా రాసింది బయటివాళ్లు, మంచిగా రాసిందీ బయటివాళ్లే. శ్రీహరికోట మన వాళ్లు తిరిగిన దీవి. 1969లో రాకెట్ కేంద్రానికి దాన్ని ఎంచుకున్నప్పుడు కూడా కాగితం రాసింది వేరేవాళ్లు, కదిలింది మనవాళ్లు. రాసే చేయి ఎప్పుడూ మనది కాలేదు.

వారం తర్వాత వేపచెట్టు కింద కూర్చున్నాం. ఆడవాళ్లు కూడా వచ్చారు. రెండు గంటలు మాటలు నడిచాయి. మ్యాపు వద్దన్నవాళ్లు ఉన్నారు. కట్ట మీద మూడు రోజులు పస్తున్నది మర్చిపోయారా అన్నవాళ్లు ఉన్నారు. చివరికి తేల్చింది ఇది. కాలనీ పేరు పెట్టాలి. దోవ, బోరింగు, అంగన్‌వాడీ, మునగని మెరక, షెల్టరు పెట్టాలి. ఇళ్లు విడివిడిగా గీయకూడదు, ఇంటివాళ్ల పేర్లు రాయకూడదు. పీతలు దొరికే చోట్లు అసలు పెట్టకూడదు. కాలనీకి ఏ పేరు పెట్టాలో కూడా వాళ్లే తేల్చారు. బయటివాళ్లు పిలిచే పేరు కాదు, మేం పిలుచుకునే పేరు పెట్టారు.

నేను నేర్చుకున్న పాఠాల్లో పెద్దది అదే. కోడు ఎట్టా రాయాలో నాకు ఫోను నేర్పింది. ఏది రాయాలో, ఏది రాయకూడదో వేపచెట్టు కింద కూర్చున్నవాళ్లు నేర్పారు. ఓపెన్ అంటే వాకిలి తీసి ఊరికే వదిలేయడం కాదు. వాకిలి తాళం మన చేతిలో ఉండటం.

ఇంకో ఉదాహరణ. పాము కాటు ఆకులు, మన పసర్ల గురించి ఒక యాప్ చేద్దామని నాతో చదివే ఫ్రెండ్స్ అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను కేరళలోని కాణి ఆదివాసుల కథ చెప్పాను. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకు దోవ చూపించడానికి పోయిన కాణి యువకులు ఏవో పండ్లు తింటూ అలసట లేకుండా నడిచారు. ఆ ఆరోగ్యపచ్చ మొక్క నుంచి తిరువనంతపురం సంస్థ ఒకటి 'జీవని' అనే మందు చేసింది. మందు లైసెన్సు డబ్బులో సగం కాణివాళ్లకు ఇవ్వాలని తేల్చారు. అది దేశంలోనే మంచి ఉదాహరణ అని చెప్తారు. అయినా కాణివాళ్లలోనే కొందరు వైద్యులు అడిగారు, ఆ గుట్టు చెప్పడానికి మమ్మల్నందర్నీ అడిగారా అని. ప్రోగ్రాము నాది, నేను పంచుతాను. పసరు నా ఒక్కదానిది కాదు, కాబట్టి నేనొక్కదాన్నే పంచలేను. ఆ యాప్ చేయలేదు. పాము కరిస్తే యాప్ చూడొద్దు, పెద్దాసుపత్రికి పోండి.

ఇప్పుడు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు. ఇదంతా సులువని చెప్పను. ఇంగ్లీషు రాక నేను ఏడ్చిన రోజులున్నాయి. ల్యాప్‌టాప్ రెండో సంవత్సరంలో గానీ రాలేదు. కొందరు కటువుగా జవాబిస్తారు, కొందరు అసలు ఇవ్వరు. ఈ పని చేసినందుకు వెంటనే డబ్బులు రావు. ఇంట్లో కూలి డబ్బు అవసరమున్న రోజున కోడు రాస్తూ కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అయినా మొదలుపెట్టడానికి ఒక ఫోను చాలు. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల్లో కొన్ని తెలుగు గొంతుతోనూ ఉన్నాయి, దించుకుని చూడొచ్చు. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం. పైథాన్‌తో మొదలుపెట్టండి. మీ ఇంట్లో రోజూ వేసే లెక్క ఒకటి తీసుకుని దాన్నే ప్రోగ్రాముగా రాయండి, కూలి లెక్కో, వడ్డీ లెక్కో. ఇంట్లోవాళ్లకు చూపించండి, వాళ్లే మంచి బగ్ రిపోర్టు ఇస్తారు. తర్వాత గిట్‌హబ్‌లో ఒక ఖాతా తెరవండి. కోడు రాకపోయినా పనుంది. యాప్‌ల్లో తప్పుడు తెలుగు దిద్దొచ్చు, తెలుగు వికీపీడియాలో మీ ఊరి గురించి ఆధారం ఉన్న మాటలు రాయొచ్చు, మ్యాపులో మీ కాలనీ బోరింగు పెట్టొచ్చు. మ్యాపు పెట్టేముందు మాత్రం మీ వేపచెట్టు కింద ఒకసారి కూర్చోండి.

కాస్త చేయి తిరిగాక గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అవుట్‌రీచీ లాంటివి ఉన్నాయి. 18 ఏళ్లు నిండినవాళ్లు ఇంటి దగ్గరినుంచే ఓపెన్ సోర్స్ పని నేర్చుకుంటూ స్టైపెండు పొందొచ్చు. మనలాగా ఈ రంగంలో తక్కువగా కనపడే వాళ్ల కోసమే అవుట్‌రీచీ పెట్టారు. నేను ఒకసారి పెట్టుకున్నాను, రాలేదు. మళ్లీ పెట్టుకుంటాను. ఎంపిక కాని అప్లికేషను కోసం చేసిన పని కూడా నా పేరుతోనే నిలిచి ఉంది, అది ఎక్కడికీ పోదు.

పెద్దలకు ఒక విన్నపం. సంఘం తరఫున రెండు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక నెట్ కనెక్షను, సాయంత్రం ఒక గంట తెరిచి ఉండే గది ఏర్పాటు చేయండి. పాత వాటిమీద లినక్స్ ఎక్కిస్తే ఇంకో నాలుగేళ్లు నడుస్తాయి, ఎక్కించే పని నాది. ఆ గదికి తాళం వేయొద్దని మాత్రం అడుగుతున్నాను. వేస్తే తాళంచెవి పిల్లకాయల దగ్గరే ఉంచండి.

ఒకప్పుడు మన ముత్తాతల పేర్లు ఒక రిజిస్టరులో ఉండేవి. పేరు, తేదీ, సమయం. ఎందుకు రాసుకున్నారో అనుమానం తప్ప కారణం లేదు. ఈరోజు కోడు పక్కన కూడా పేరు, తేదీ, సమయమే ఉంటాయి. కానీ ఈ పేరు మనం రాసుకున్నది, మనం చేసిన పని పక్కన రాసుకున్నది.

పోయిన నెల మా అవ్వకు ఫోన్లో మ్యాపు చూపించాను. చదవలేదు కాబట్టి వేలు పెట్టి ఎక్కడుందో చూపించమంది. చూపించాను. "మన పేరేనా?" అంది. "మన పేరే అవ్వా" అన్నాను. "అయితే ఉండనీ" అంది.

సెలవు. జై ఆదివాసీ.